విమానం తీసేస్తే పైలట్ ఏమవుతాడు?

తిరుపతి నుంచి ఒక తండ్రి అడిగారు: "మావాడు ఇంటర్ అయిపోయి పైలట్ అవుతానంటున్నాడు. లక్షల్లో జీతం తీసుకునే పైలట్లు కాంట్రాక్టుల గురించీ, పాత విమానాలు తీసేయడం గురించీ యాజమాన్యాలతో ఎందుకు గొడవ పడుతున్నారు? కొత్త విమానాలొస్తే మంచిదే కదా?"

నేను పదకొండేళ్ళుగా విమానం నడుపుతున్నాను. మాది కరకంబాడి. మా నాన్న ఆర్టీసీ డ్రైవరు, ఇరవై ఏళ్ళు తిరుమల ఘాట్‌లోనే బండి నడిపాడు. ఈ ప్రశ్న ఆయనా అడిగాడు కాబట్టి ఆయనకు చెప్పినట్టే మీకూ చెప్తాను.

బస్సు పాతబడి స్క్రాపుకు పోతే డ్రైవరు మర్నాడు ఇంకో బస్సు ఎక్కుతాడు. హెవీ లైసెన్సు అన్నిటికీ అదే. మాకు అలా కుదరదు. ఏ రకం విమానం నడపొచ్చో మా లైసెన్సు మీదే రాసి ఉంటుంది, దాన్ని టైప్ రేటింగ్ అంటారు. రేణిగుంటలో దిగే ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానం మీద వేల గంటలు నడిపినవాడైనా సరే, ఎయిర్‌బస్ 320 రేటింగ్ లేకుండా ఆ జెట్ విమానం నడపలేడు. వారాల తరబడి క్లాసులు, సిమ్యులేటరు, పరీక్ష, ఆ తర్వాత ట్రైనింగ్ కెప్టెన్ పక్కన కూర్చుని ప్రయాణికులున్న విమానం నడపడం, ఇవన్నీ దాటాలి. ఖర్చు లక్షల్లో ఉంటుంది. ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి, చదువుకునే ఆ నెలల్లో జీతం ఎంత, తిరిగొచ్చాక ఏ సీటు? ఈ మూడూ తేలేది కాంట్రాక్టులోనే. అందుకే పాత విమానాల గొడవ, కాంట్రాక్టు గొడవ మాకు ఒకటే.

నా సంగతి చెప్తాను. సంస్థ పేరు అనవసరం. అప్పటికి నేను మూడేళ్ళుగా కెప్టెన్‌ని, రెండు ప్రొపెల్లర్ల విమానం నడిపేవాణ్ణి. సెలవు మీద ఇంటికొచ్చి ఉండగా ఒక మధ్యాహ్నం మెయిల్ వచ్చింది. ఆ రకం విమానాలన్నీ ఆరు వారాల్లో ఆపేస్తున్నామని అందులో ఉంది. దానికి నాలుగు పేజీల కాగితం జతచేశారు. మూడో పేజీలో ఒక పట్టిక, అందులో నా ఉద్యోగి నంబరు, దాని పక్కన "ఏ320, ఫస్ట్ ఆఫీసర్", అంటే కో-పైలట్. కింద ఐదేళ్ళ బాండు, అంటే ఆలోపు మానేస్తే డబ్బు కట్టాలనే ఒప్పందం. సంతకానికి వారం గడువు. వరండాలో నిలబడి నాన్నకు చదివి వినిపించాను. అంతా విని, "అంటే మళ్ళా పక్కసీటేనా?" అన్నాడు. కాసేపాగి, "మాకు కూడా ఘాట్ ట్రైనింగ్ ఇచ్చినాకే కొండకు పంపేవాళ్ళు. దానికి మా జీతం కొయ్యలేదే" అన్నాడు.

సంతకం పెట్టాను. ఇంటి లోను ఉంది, చెల్లెలి పెళ్ళి కుదిరి ఉంది. యూనిఫాం ఇస్త్రీ చేస్తూ అమ్మ చొక్కా భుజాల మీది కెప్టెన్ నాలుగు గీతల పట్టీలు ఊడదీసి, కో-పైలట్ మూడు గీతలవి ఎక్కించింది. తీసినవాటిని ఏంచేయాలని నన్ను అడగలేదు. బీరువాలో నగల డబ్బా పక్కన పెట్టింది.

ఒక విషయం న్యాయంగా చెప్పాలి. పాత విమానాలు తీసేయొద్దని ఏ పైలటూ అనడు. వయసు పెరిగేకొద్దీ విమానాన్ని విప్పి చూసే పెద్ద చెకప్‌ల ఖర్చు పెరుగుతుంది, స్పేర్ పార్టులు దొరకవు. పాత ఏ320 కంటే దాని కొత్త రకం నియో సుమారు 15 శాతం తక్కువ ఇంధనం తాగుతుందని ఎయిర్‌బస్ లెక్క. నేనే యజమానినైనా మారుస్తాను. నా కోపమంతా ఆ ఆరు వారాల మీదే. మన దేశంలో విమానాలు చాలావరకు లీజువి. ఏ విమానం ఎప్పుడు వెనక్కివ్వాలో లీజు కాగితం మీద సంతకం పెట్టిన రోజే తెలుసు. కొత్త విమానాలకు ఆర్డరు పెట్టేదీ ఏళ్ళ ముందే. ఇంత ముందుగా తెలిసిన సంగతిని, దాన్ని నడిపేవాడికి మాత్రం చివరి నిమిషంలో చెప్పి, వారంలో సంతకం పెట్టమంటే అది అన్యాయం కాక ఏమిటి?

నచ్చకపోతే మానేయొచ్చు కదా అంటారు. 2017లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ తెచ్చిన నిబంధన ప్రకారం కెప్టెన్ రాజీనామా చేస్తే ఏడాది నోటీసు ఇవ్వాలి, కో-పైలట్ ఆరు నెలలు. అనుభవమున్నవాళ్ళు ఒక్కసారిగా వెళ్ళిపోతే సర్వీసులు రద్దవుతాయి, ప్రయాణికులు ఇబ్బంది పడతారు, ఆ కారణం నాకర్థమవుతుంది. కానీ మేం ఏడాది ముందు చెప్పాలి, మాకు ఆరు వారాల ముందు చెప్తే చాలు. మా కాక్‌పిట్లలో ఈ మాట అనుకోని రోజు లేదు.

జీతం గురించి కూడా ఒక మాట. పైలట్ జీతంలో పెద్ద భాగం గంటల లెక్కన వస్తుంది. నెలలో ఎగిరినా ఎగరకపోయినా ఇన్ని గంటలకు డబ్బులిస్తామని ఒక గ్యారంటీ ఉంటుంది. 2023లో ఎయిర్ ఇండియా కొత్త కాంట్రాక్టులో ఆ గ్యారంటీని 70 గంటల నుంచి 40కి తగ్గించినప్పుడు పైలట్ల సంఘాలు ఎదురుతిరిగాయి. 2024లో విస్తారా విమాన సంస్థలోనూ ఇదే 40 గంటల లెక్క వచ్చింది, పైలట్లు డ్యూటీకి రాక చాలా విమానాలు రద్దయ్యాయి. ఇప్పుడు దీన్ని విమానాల మార్పుతో కలిపి చూడండి. ట్రైనింగ్‌లో ఉన్న నెలల్లో పైలట్ ఎగిరేది పెద్దగా ఉండదు, కాబట్టి ఆ గ్యారంటీయే అతని ఇంటి ఖర్చు.

ఇక మీ అబ్బాయి సంగతి. పంపండి, ఈ పని నాకు ప్రాణం. శేషాచలం కొండలు పక్కన పెట్టుకుని రేణిగుంట రన్‌వే మీద దిగుతుంటే వెనక ప్రయాణికులు "గోవిందా" అంటారు, పదకొండేళ్ళైనా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. కానీ ఆఫర్ లెటర్ వచ్చినరోజు జీతం అంకె ఒక్కటే చూసి స్వీట్లు పంచకండి. బాండు మొత్తం ఏటేటా తగ్గుతుందా, లేక చివరి రోజు దాకా అంతే ఉంటుందా చూడండి. సంస్థే విమానం రకం మారిస్తే ట్రైనింగ్ ఖర్చు ఎవరిదో, సీనియారిటీ అలాగే ఉంటుందో లేదో రాతలో ఉండాలి. హెచ్‌ఆర్‌వాళ్ళు ఫోన్‌లో "చూసుకుంటాం సార్" అంటే లెక్కలోకి తీసుకోకండి. బాండుకు పూచీగా ఖాళీ చెక్కులు అడిగితే మాత్రం ముందు ఒక లాయరుకు చూపించండి. నేను చూపించలేదు.

నాకు ఎడమ సీటు, అంటే కెప్టెన్ సీటు, మళ్ళీ రావడానికి రెండేళ్ళ నాలుగు నెలలు పట్టింది. బాండు ఇంకా ఉంది. మీవాడికి ఆఫర్ వచ్చాక ఆ కాగితాల్లో ఏదైనా అర్థం కాకపోతే ఇక్కడే రాయండి, చదివి చెప్తాను.