టెక్ సందేహాలు: చక్రంలో రెండు పళ్లు లేవు, మార్చాలా?

ప్రశ్న: సెల్ఫ్ కొడితే కారు ఇంజిన్ తిరుగుతోంది కానీ స్టార్ట్ కావడం లేదు. స్కానర్‌లో పి0335 కోడ్ (క్రాంక్ సెన్సర్ సర్క్యూట్‌లో లోపం) వచ్చింది. క్రాంక్ సెన్సర్ విప్పి చూస్తే, లోపలి పళ్ల చక్రంలో ఒకచోట రెండు పళ్లు లేవు. విరిగిపోయాయా? చక్రం మార్చాలా?

జవాబు: తొందరపడి మార్చకండి. ఆ ఖాళీ అంచులు నున్నగా ఉండి, విరిగిన గుర్తులేవీ లేకపోతే అది కావాలని వదిలిందే. దీన్ని 60-2 ట్రిగ్గర్ వీల్ అంటారు. చుట్టూ 60 పళ్లకు చోటుంటుంది, ఉండేవి 58. అంటే పంటికీ పంటికీ మధ్య 6 డిగ్రీలు.

పళ్లన్నీ ఒకేలా ఉంటే క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఎంత వేగంగా తిరుగుతోందో ఈసీయూకి, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్‌కి, తెలుస్తుంది, ఇప్పుడు ఎక్కడుందో మాత్రం తెలియదు. ఆ సంగతి చెప్పేది ఖాళీయే. అక్కడికి రాగానే సెన్సర్ పంపే రెండు పల్స్‌ల మధ్య సమయం దాదాపు మూడు రెట్లవుతుంది. ఈసీయూ దాన్ని గుర్తుపట్టి, పళ్లను మళ్లీ ఒకటి నుంచి లెక్కపెడుతుంది. ఎన్నో పన్ను వచ్చినప్పుడు మొదటి సిలిండర్ పిస్టన్ పైకొస్తుందో దాని మెమరీలో ఉంటుంది.

ఇక్కడి లెక్క నాకు ఎంతో ఇష్టం. ఇంజిన్ 3000 ఆర్‌పీఎంలో ఉందనుకోండి. పిస్టన్ పైకి చేరడానికి 25 డిగ్రీల ముందు స్పార్క్ పడాలి. స్పార్క్‌ని పుట్టించే కాయిల్ చార్జ్ కావడానికి 3 మిల్లీసెకన్లు కావాలంటే, ఆలోగా క్రాంక్ 54 డిగ్రీలు తిరిగేస్తుంది. కాబట్టి 79 డిగ్రీల ముందే కాయిల్‌కి కరెంట్ ఇవ్వాలి. పైగా 25 డిగ్రీల దగ్గర పన్నే ఉండకపోవచ్చు. అప్పుడు 30 డిగ్రీల దగ్గరున్న పన్ను దాటాక, వేగాన్ని బట్టి ఇంకో 278 మైక్రోసెకన్లు ఆగి స్పార్క్ వేస్తుంది. ప్రతి స్పార్క్‌కీ ఇంత లెక్క!

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో పిస్టన్ ఒక సైకిల్‌లో రెండుసార్లు పైకొస్తుంది. అది కంప్రెషనా, ఎగ్జాస్టా అన్నది ఈ చక్రం చెప్పలేదు. అందుకే క్యామ్‌షాఫ్ట్ (వాల్వ్‌లను తెరిచే ఇరుసు) ఎక్కడుందో చెప్పే క్యామ్ సెన్సర్ కూడా పెడతారు.

ఇక మీ బండి సంగతి. సెల్ఫ్ కొడుతూ స్కానర్‌లో ఆర్‌పీఎం చూడండి. సున్నా దగ్గరే ఉంటే ఈసీయూకి సిగ్నల్ అందడం లేదన్నమాట. రెండు వైర్ల మాగ్నెటిక్ సెన్సర్ అయితే దాని కొనకి ఇనుప రజను అంటుకుందేమో, చక్రానికి దూరం పెరిగిందేమో చూడాలి. సెల్ఫ్ వేగంలో దాని వోల్టేజీ అసలే తక్కువ, కాస్త దూరం పెరిగినా సిగ్నల్ పోతుంది. వైర్లు తారుమారైనా ఈసీయూ ఖాళీని సరిగ్గా పట్టుకోలేదు. మూడు వైర్ల హాల్ సెన్సర్ (కరెంట్ ఇస్తేనే పనిచేసే రకం) అయితే ముందు సప్లై, ఎర్త్ చూడండి. ఇవన్నీ చూశాకే కొత్త సెన్సర్ మాట.

ప్రశ్న: పాత ఇంజిన్‌కి డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్‌ని సిలిండర్లకు పంచే పరికరం) తీసేసి ట్రిగ్గర్ వీల్ పెడుతున్నాను. 36-1 (36 పళ్ల చోట్లలో ఒకటి ఖాళీ) మంచిదా, 60-2 మంచిదా?

జవాబు: చక్రం చిన్నదైతే 36-1 తీసుకోండి. చిన్న చక్రం మీద 60 పళ్లంటే మరీ సన్నగా ఉంటాయి, మాగ్నెటిక్ సెన్సర్‌కి సిగ్నల్ బలంగా రాదు. చక్రం వంకర లేకుండా బిగించండి. ఈసీయూలో పెట్టిన కోణమూ, టైమింగ్ లైట్ (స్పార్క్ పడ్డప్పుడల్లా మెరిసే దీపం) వేస్తే పుల్లీ మీద కనిపించే కోణమూ ఒకటేనని తేలాకే బండి రోడ్డెక్కించండి.