ఏ ఊరి తేదీ?

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. భాష బాగుంది. కానీ "టైమ్‌స్టాంప్‌ని డేట్‌గా మార్చడం ఒక్క లైన్ పని" అంటూ జావా భాషలో, దాన్ని అక్షరాలుగా మార్చే టూస్ట్రింగ్ పిలిచి, తేదీ ఉండే మొదటి పది అక్షరాలు కోసేశావే, అక్కడ నాకు ఒళ్లు మండింది.

1700000000 తీసుకో. టైమ్‌స్టాంప్ అంటే ఇలాంటి అంకే: 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లు. ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయం యూటీసీలో (మనకన్నా ఐదున్నర గంటలు వెనక) అది 2023 నవంబర్ 14 రాత్రి 10:13. మనకి అప్పటికే 15వ తేదీ తెల్లవారుజాము 3:43. ఏది సరైన తేదీ అంటే, ఏ ఊళ్లో అని ఎదురు అడగాల్సిందే. నీ లైన్ ఆ మాట అడగదు. మెషీన్‌లో ఏ టైమ్‌జోన్ ఉంటే జావా అదే వాడేస్తుంది. నీ లాప్‌టాప్‌లో 15 వస్తుంది, యూటీసీలో నడిచే సర్వర్‌లో 14 వస్తుంది. టూలోకల్‌డేట్‌టైమ్ వాడినా ఇదే గొడవ, అదీ మెషీన్ జోన్‌నే పట్టుకుంటుంది. ముందు టూఇన్‌స్టంట్‌తో ఏ జోనూ లేని క్షణంగా మార్చి, తర్వాత ఎట్‌జోన్‌లో "ఏషియా/కోల్‌కతా" అని పేరు పెట్టి, ఆ తర్వాతే టూలోకల్‌డేట్‌తో తేదీ తియ్యాలి. జోన్ పేరు రాయని మార్పిడి కోడ్‌ని నేను ఎవరిదైనా సరే వెనక్కి పంపేస్తాను.

ఒకప్పుడు ఒక కంపెనీలో నైట్ షిఫ్ట్ హాజరు సాఫ్ట్‌వేర్ నా నెత్తిన పడింది. ఒకటో తేదీ రాత్రి పన్నెండున్నరకి కార్డు గీకినవాళ్లు, యూటీసీలో అది ఇంకా ముందురోజే కాబట్టి, కిందటి నెల లెక్కలోకి పోయేవారు. జీతాల రోజు గొడవలే గొడవలు. మేనేజరేమో గేటు దగ్గర గడియారం మార్పించాడు! ఇదంతా ఒక పత్రికకి రాసి పంపితే, "పాఠకులకి కోడ్ చాలు, కథలొద్దు" అని ఎడిటర్ టైమ్‌జోన్ పేరా ఎత్తేశాడు. మిగిలిన కోడ్ అచ్చు నీ లైన్‌లాగే ఉంటుంది. ఆయన మీద కోపం ఇంకా పోలేదు.

ఇంకోటి. పుట్టినతేదీని కూడా టైమ్‌స్టాంప్‌గా దాచమన్నావు. ఎందుకయ్యా? మన అర్ధరాత్రి యూటీసీలో ముందురోజు 18:30. డాలస్‌లో ఉన్న పిల్ల యాప్ తెరిస్తే ఒకరోజు ముందే పుట్టినట్టు చూపిస్తుంది. డేటాబేస్‌లో డేట్ కాలమ్ పెట్టి, టైమూ జోనూ లేని ఉత్త తేదీ అయిన లోకల్‌డేట్‌గా చదివితే మార్పిడి గొడవే ఉండదు.

శీర్షికలో "ఐదు నిమిషాల్లో" తీసెయ్, ఈ ఫ్యాషన్ చూసి విసుగొచ్చింది. సవరించి పంపేటప్పుడు మన టైము రాత్రి పన్నెండుకీ ఐదున్నరకీ మధ్య పడే టెస్ట్ ఒకటి చేర్చు, అప్పుడే యూటీసీ తేదీ మన తేదీకి వేరుగా ఉంటుంది. నువ్వు పెట్టినవన్నీ మధ్యాహ్నం టైములే, అవి ఎలా రాసినా పాసవుతాయి.