అరటిలో ఆకుమచ్చ డిసెంబరు దాటినా ఎందుకు తగ్గడం లేదు?

ప్రశ్న: మాది రావులపాలెం దగ్గర లంక భూమి. రెండెకరాల్లో తెల్ల చక్కెరకేళి వేశాం. నాన్నగారి రోజుల్లో వానాకాలంలో రెండుసార్లు మందు కొడితే ఆకుమచ్చ ఆగేది. ఇప్పుడు డిసెంబరులోనూ కింది ఆకులు మాడిపోతున్నాయి, గెల ముదరకముందే కాయ రంగు తిరుగుతోంది. పోయినసారి సగం ధరే వచ్చింది. వాతావరణం మారడం వల్లేనంటున్నారు, నిజమేనా? మందు మార్చాలా?
— ఒక రైతు, కోనసీమ

జవాబు: నాన్నగారి లెక్క తప్పు కాదండీ, అది అప్పటి వానలకు సరిపోయిన లెక్క. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది సిగటోక ఆకుమచ్చే. దీన్ని తెచ్చే శిలీంధ్రం గాలికీ వాన చినుకులకీ ఎగిరి ఆకు మీద పడుతుంది, కానీ పడగానే ఏమీ చేయలేదు. ఆకు గంటల తరబడి తడిగా ఉండి, గాలి కూడా 25 డిగ్రీల పైన వెచ్చగా ఉంటే అప్పుడు మొలకెత్తి ఆకు రంధ్రాల్లోంచి లోపలికి దూరుతుంది. అల్పపీడనం పట్టి నవంబరులో వారం రోజులు ముసురు పడి, రాత్రిళ్లు కూడా చల్లబడకపోతే దానికి అంతకంటే ఏం కావాలి?

మీ తోటలో ఈ ఒక్క ఏటి తెగులును వాతావరణ మార్పు ఖాతాలో వేసేయలేం. అయితే 2019లో బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త డేనియల్ బెబ్బర్, లాటిన్ అమెరికా, కరీబియన్ తోటల్లో వాతావరణ మార్పు వల్ల, దీనికి దగ్గరి తెగులైన నల్ల సిగటోక ముప్పు 1960ల నుంచి సగటున 44 శాతం పెరిగిందని లెక్కగట్టారు. ఆ అంకె అక్కడిది, మనకు అంటగట్టకూడదు. కానీ తెగులు బతికేది అక్కడైనా ఇక్కడైనా తడి, వెచ్చదనం మీదే.

ఇంకో సంగతి. ఇవాళ కనిపించే మచ్చ ఇవాళ్టిది కాదు, కొన్ని వారాల కిందట లేత ఆకుగా ఉన్నప్పుడు పట్టినది. అందుకే మచ్చలు బాగా కనిపించాక పంపు భుజాన వేసుకుంటే ఆలస్యమైపోతుంది. నెలలు లెక్కపెట్టకుండా ముసురు తెరిపివ్వగానే తోటలోకి వెళ్లి పైనుంచి మూడు, నాలుగో ఆకులు చూడండి, సన్నటి గీతలుంటే అప్పుడే ప్రొపికొనజోల్ లీటరు నీటికి 1 మి.లీ. చొప్పున జిగురు మందు కలిపి ఆకు అడుగు భాగం తడిసేలా కొట్టండి. ప్రతిసారీ అదే మందు కొడితే తెగులు దానికి అలవాటు పడిపోతుంది, మార్చి మార్చి వాడండి. కోతకు ముందు ఎన్ని రోజులు ఆపాలో డబ్బా మీద చూసుకోండి.

నన్నడిగితే మందు కంటే ముందు చేయాల్సిన పని వేరే ఉంది. మాడిన ఆకును మాడినంత మేర కోసి తోట బయటికి తీసేయండి, పిలకలు పలచన చేయండి, మురుగు బోదెలు పూడిక తీయండి. గాలి ఆడితే ఆకు త్వరగా ఆరుతుంది. పచ్చగా ఉన్న భాగం మాత్రం కోయకండి, గెల వేసేనాటికి చెట్టుకు ఎనిమిది పదాకులైనా ఉండాలి, లేకపోతే కాయ ఊరదు.

చివరిగా, ఏ చెట్టుకైనా ఆకులు పసుపెక్కి కాడ దగ్గర విరిగి వేలాడితే దాని దుంప కోసి చూడండి. లోపల ఎర్రటి గోధుమ రంగు చారలుంటే అది పనామా ఎండు తెగులు కావచ్చు, దానికి ఆకుల మీద ఏ మందూ పనిచేయదు. కొవ్వూరు ఉద్యాన పరిశోధన కేంద్రంలో చూపించండి, ఆ మడిలో పిలకలు మాత్రం ఎవరికీ ఇవ్వకండి.