అసెంబ్లీ ఒక పార్టీది, మండలి ఇంకో పార్టీది అయితే పనులు ఆగిపోతాయా?

అసెంబ్లీలో ఒకరికి, శాసన మండలిలో ఇంకొకరికి మెజారిటీ ఉంటే ప్రభుత్వం స్తంభించిపోదా అని అడిగారు. ఆలస్యమవుతుంది కానీ ఆగిపోదండీ. ఎన్నాళ్లు ఆపొచ్చో రాజ్యాంగమే గడువు పెట్టింది.

2020లో మన ఆంధ్రప్రదేశ్‌లో జరిగిందే చూడండి. 2019లో అసెంబ్లీలో 175కి 151 మందితో గెలిచింది వైసీపీ, 58 మంది ఉండే మండలిలో మాత్రం టీడీపీదే పైచేయి. మండలి అంతా ఒకేసారి ఖాళీ కాదు, రెండేళ్లకోసారి మూడో వంతు మంది దిగిపోతారు కాబట్టి పాత గెలుపు తాలూకు బలం అక్కడ ఇంకొన్నాళ్లు మిగిలే ఉంటుంది. మూడు రాజధానుల బిల్లులు జనవరి 20న అసెంబ్లీ దాటితే 22న మండలి ఛైర్మన్ సెలెక్ట్ కమిటీకి (బిల్లును వివరంగా పరిశీలించే సభ్యుల కమిటీ) పంపారు, 27న ఏకంగా మండలినే రద్దు చేయాలని అసెంబ్లీ తీర్మానం చేసింది (2021లో వెనక్కి తీసుకున్నారు). ఇంత గొడవ జరిగినా మండలి ఒక బిల్లును మొదట మూడు నెలలు, అసెంబ్లీ మళ్లీ పాస్ చేసి పంపితే ఇంకో నెల ఆపగలదు, అంతే. జూన్‌లో రెండోసారి పంపారు, జులై 31న గవర్నర్ ఆమోదం వచ్చేసింది. ద్రవ్య బిల్లుకైతే, అంటే పన్నులు, ప్రభుత్వ ఖర్చుల బిల్లుకైతే, 14 రోజులే గడువు.

నిజంగా స్తంభించడం అంటే ఏంటో నేను చూసింది చిత్తూరు దగ్గర మా ఊరి పంచాయతీలో. సర్పంచ్‌ని జనం నేరుగా ఎన్నుకుంటారు, వార్డు మెంబర్లను వేరుగా. గుర్తులు పార్టీలవి కాకపోయినా ఎవరు ఎవరి మనిషో అందరికీ తెలుసు. పది మంది మెంబర్లలో ఆరుగురు సర్పంచ్‌కి ఎదురు వర్గం. ఎండాకాలంలో బోరు మోటరు కాలిపోయింది. తీర్మానం కావాలన్నారు. ఆ ఆరుగురూ వచ్చి కూర్చుని, పంచాయతీ పాత ఖర్చుల లెక్కలు చూపిస్తేనే సంతకం పెడతామన్నారు. అడగడంలో తప్పేమీ లేదు, నేనున్నా అదే అడిగేవాణ్ని. సర్పంచ్ చూపించలేదు. మూడు మీటింగులు అలాగే పోయాయి. ఇన్ని రోజుల్లో తేల్చాలి, తేలకపోతే ఇదీ దారి అని ఎవరూ చెప్పలేదు. మా అమ్మ తెల్లారి నాలుగింటికే బిందెలు పట్టుకుని ట్యాంకరు దగ్గర లైన్లో నిలబడేది, మోకాళ్ల నొప్పులతో. చివరికి ఇంటికి రెండొందలు చందా వేసుకుని, మోటరు పైకి తీసి మేమే రీవైండింగ్ చేయించాం. ఆ లెక్కలు ఇప్పటికీ బయటికి రాలేదు.