“ఒక రాయి కొట్టేదానికి అన్ని పేజీలా మామా?”

అడిగిన ప్రశ్న: ‘ద క్లాన్ ఆఫ్ ద కేవ్ బేర్’ నవలను కొందరు నెత్తిన పెట్టుకుంటారు, కొందరు యాభై పేజీలకే మూసేస్తారు. ఎందుకిలా?

మూసేసినవాళ్ళలో మా మేనల్లుడొకడు, కాబట్టి వాడి సంగతే చెప్తాను. తిరుపతిలోనే ఇంజినీరింగ్ చదువుతున్నాడు. జీన్ ఔల్ 1980లో రాసిన ఈ పుస్తకాన్ని నేనే బలవంతంగా వాడి చేతిలో పెట్టినాను. భూకంపంలో అమ్మానాయన్ని పోగొట్టుకున్న ఐదేళ్ళ ఆయ్లా మనలాంటి మనిషి. ఆమెను పెంచేదేమో నియాండర్తాల్ గుంపు, అంటే ఎప్పుడో అంతరించిపోయిన ఇంకో రకం మనుషులు. కథకు ఇంతకంటే ఏం కావాల? వారం తిరక్కుండానే పుస్తకం తెచ్చి టీపాయ్ మీద పడేసినాడు. “ఏంది మామా ఇది, ఆకులు కోసేది, రాయి కొట్టేది. ఒక రాయి కొట్టేదానికి అన్ని పేజీలా?”

నాకు చిర్రెత్తింది. ఆదివారం పొద్దున్నే బండెక్కించుకుని రేణిగుంట దగ్గరి రాళ్ళకాలువకు తీసకపోయినా. రేణిగుంటంటే మనకు జంక్షను, ఎయిర్‌పోర్టు, అంతే. 1960ల్లో పురావస్తు పరిశోధకుడు ఎం.ఎల్.కె. మూర్తిగారు అక్కడే పాతరాతియుగం చివరికాలపు సన్నటి రాతి బ్లేడ్లను గుర్తించినారు. మేం తిరిగినంత మేర ఒక్క బోర్డూ కనబడలేదు. చిత్తూరు పక్క పాండవగుళ్ళని పిలిచే బండల సమాధుల గురించి ఎత్తితే ఇంకో గంట పడుతుంది, అది వేరే ఏడుపు.

కాలువలో మామూలు గులకరాళ్ళు రెండు ఏరి, “పదునైన పెచ్చు ఒకటి తియ్యి చూద్దాం” అన్నా. మన కొండలదంతా క్వార్ట్‌జైటే, మొండి రాయి. వాడు దాన్ని నేలమీద పెట్టి టెంకాయ కొట్టినట్టు కొట్టినాడు. పిండి రాలింది, అంతే. నేను పెద్దరికం చూపించబోతే బొటనవేలు చితికింది. గంట గడిచింది, ఎండెక్కింది. మేకలు తోలుకుపోతున్న పెద్దాయన కాసేపు నిలబడి చూసి, “ఏం పోగొట్టుకున్నారప్పా?” అన్నాడు.

చివరికి వాడే పట్టేసినాడు. రాయి నేలమీద కాదు, చేతిలో ఉండాల. నడిమధ్యన కాదు, అంచు వాలుగా ఉండే చోట ఒడుపుగా తగలాల. టక్‌మని రూపాయి బిళ్ళకు రెండింతల పెచ్చు ఊడింది. ఇంటికొచ్చినాక మా అక్క దాంతో నిమ్మకాయ కోసి చూసింది. మా ఇంటి కత్తిపీట అట్లా తెగి ఎన్నాళ్ళయిందో!

నా లెక్కలో ఈ నవల నచ్చనివాళ్ళలో ముప్పాతిక మంది చేత్తో ఏదీ చేసి ఎరగనివాళ్ళే. మా అమ్మకు ఇంగ్లీషు రాదు. మందులిచ్చే ఈజా ఏ ఆకు దేనికి వాడేదీ నేను చదివి చెప్తుంటే కదలకుండా వినింది. గట్లెంట గురుగాకు, చెంచలాకు, తుమ్మాకు ఏరిన మనిషికి అది బోరెట్లా కొడుతుంది? మిగతావాళ్ళకు చరిత్ర నవలంటే రాజు, గుర్రం, కోట ఉండాల్సిందే.

తప్పులు లేవని కాదు. నియాండర్తాళ్ళు దాదాపుగా సైగలతోనే మాట్లాడుకుంటారని ఔల్ రాసింది. ఆ తర్వాత 1983లో ఇజ్రాయెల్‌లోని కెబారా గుహలో దొరికిన వాళ్ళ గొంతు ఎముక మనదాని మాదిరే ఉండాది, అంటే నోటితోనే మాట్లాడి ఉండొచ్చు. పూర్వీకుల జ్ఞాపకాలు పుట్టుకతోనే తలలో ఉంటాయనేది మరీ చోద్యం. గుంపు నాయకుడి కొడుకు బ్రౌడ్ ఆయ్లా మీద చేసే అఘాయిత్యాలు చదవలేక మా ఆఫీసులో ఒకామె పుస్తకం వాపసిచ్చేసింది, ఆమెతో నేను వాదించలేదు. అయితే ఆ రెండు రకాల మనుషులకు కలిసి బిడ్డ పుట్టడం కట్టుకథ అని నవ్వినవాళ్ళను మాత్రం వదలను. 2010లో నియాండర్తాల్ జన్యువులు చదివినాక తేలిందేమి? ఆఫ్రికా బయటి మనుషుల్లో, మీలో నాలో కూడా, ఒకటి రెండు శాతం వాళ్ళదే. ఒంటిచేయి ముసలాయన క్రెబ్ కూడా ఊరికే పుట్టలేదు. కుడిచెయ్యి చచ్చుబడి, ఒక కన్ను దెబ్బతిని కూడా ఏళ్ళ తరబడి బతికిన నియాండర్తాల్ ఎముకలు ఇరాక్‌లోని షానిదార్ గుహలో దొరికినాయి. ఎవరో ఒకరు కూడు పెట్టే ఉంటారు గదా.

పుస్తకం మావాడు మళ్ళీ పట్టకపోయినాడు. మొన్న రాత్రి పన్నెండుకు వాట్సాప్‌లో అడిగినాడు: “మామా, క్రెబ్‌కు ఏం కాదు గదా?”

నేను బదులియ్యలా.