స్టాండులో మీ చోటు: జర్మనీలో ఊరి జట్టు వెంట తిరిగేవాళ్ల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అక్టోబర్‌లో మాగ్డెబుర్గ్ యూనివర్సిటీలో చేరాను. నాకు క్రికెట్ తప్ప మరో ఆట తెలియదు. ల్యాబ్‌లో ఒక జర్మన్ స్నేహితుడు ఎఫ్.సి. మాగ్డెబుర్గ్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి రమ్మంటున్నాడు. పైగా నిలబడి చూసే టికెట్టే కొనమంటున్నాడు. హాయిగా సీటు తీసుకోవచ్చు కదా?
— ఎమ్మెస్ విద్యార్థి, మాగ్డెబుర్గ్

జవాబు: ఆ స్నేహితుడి మాట వినండి. ఊరి జట్టుకి దగ్గరవ్వాలంటే ష్టేప్లాట్జ్, అంటే నిలబడే స్టాండును మించిన చోటు లేదు. టికెట్ కూడా చవక. చాలా స్టేడియాల్లో 15 యూరోలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, విద్యార్థులకు ఇంకా తగ్గిస్తారు. తగ్గింపు టికెట్ కొంటే స్టూడెంట్ కార్డు తప్పక తీసుకెళ్లండి. గేటు దగ్గర అడిగినప్పుడు చూపించలేకపోతే తేడా డబ్బు కట్టించుకుంటారు.

నిలబడే స్టాండులో టికెట్ మీద నంబరు ఉండదు, ముందు వచ్చినవాళ్లదే చోటు. కనీసం గంట ముందు లోపల ఉండండి. గోల్ వెనక స్టాండులో మధ్యభాగం, కింది వరసలు అల్ట్రాలవి, అంటే వీరాభిమానుల బృందాలవి. వాళ్లు 90 నిమిషాలూ పాడుతూ ఎగురుతూనే ఉంటారు, పెద్ద జెండాలు ఊపుతారు. ఆట సగం కనపడదు. మొదటిసారి వెళ్లేవాళ్లు అక్కడికి వెళ్లొద్దు. అదే స్టాండులో ఒక పక్కన, పై మెట్ల మీద నిలబడితే పాటా వినిపిస్తుంది, మైదానమూ కనిపిస్తుంది. మెట్ల మధ్య నడుము ఎత్తున ఇనుప కమ్మీలు ఉంటాయి. కమ్మీ మీ వీపుకి ఆనేలా, దాని ముందు నిలబడండి. గోల్ పడగానే వెనకనుంచి జనం ఒక్కసారిగా ముందుకి తోసుకొస్తారు. కమ్మీ వెనక ఉంటే ఆ తోపుడుకి మీ పొట్ట కమ్మీకేసి నొక్కుకుపోతుంది. ముందు ఉంటే ఆ తోపుడును కమ్మీయే ఆపుతుంది.

ఇక నోరు విప్పడం సంగతి. ఆటకు ముందు అనౌన్సర్ ఆటగాడి మొదటి పేరు మాత్రమే చదువుతాడు, ఇంటిపేరు స్టేడియం మొత్తం అరవాలి. కాబట్టి ముందురోజే పదకొండు ఇంటిపేర్లు నేర్చుకోండి. జర్మన్ రాకపోయినా ఆ పూటకి అవి చాలు. మన జట్టు గోల్ వేశాక ఇంకో తంతు ఉంది. అనౌన్సర్ మన జట్టు పేరు చెబితే జనం మన స్కోరు అరుస్తారు. ఎదుటి జట్టు పేరు చెబితే వాళ్లు నిజంగా ఎన్ని గోల్స్ వేసి ఉన్నా చాలామంది ‘నుల్’ అనే అరుస్తారు, అంటే సున్నా. చివర్లో అనౌన్సర్ ‘డాంకె’ అంటాడు, అందరూ ‘బిట్టె’ అంటారు. ఆ ‘బిట్టె’లో మీ గొంతు కలిసిన రోజు నుంచి పక్కనున్నవాళ్లు మిమ్మల్ని గుర్తుపట్టడం మొదలుపెడతారు. తర్వాతి మ్యాచ్‌కీ అదే మెట్టు మీద, అదే చోట నిలబడండి.

ఒక మాట తెలిసి ఉంటే మంచిది. తూర్పు జర్మనీ ఉన్న రోజుల్లో ఆ దేశం నుంచి యూరప్ స్థాయి కప్పు గెలిచిన ఒకే ఒక్క క్లబ్ మాగ్డెబుర్గ్. 1974లో రోటర్‌డామ్‌లో ఏసీ మిలాన్‌ని 2-0తో ఓడించింది. స్టాండులో తల నెరిసినవాళ్లు పక్కనుంటే ఆ సంగతి అడగండి. ఆటకి ముందున్న గంట ఇట్టే గడిచిపోతుంది.

ప్రశ్న: డిసెంబర్ మ్యాచ్‌లో పాదాలు మొద్దుబారిపోయి సగంలోనే వచ్చేశాను. జాకెట్ మందంగానే ఉంది. ఏం తప్పు చేశాను?
— కెమ్నిట్జ్ పాఠకురాలు

జవాబు: చలి పైనుంచి రాలేదు, కాళ్ల కింది కాంక్రీటు నుంచి ఎక్కింది. రెండు గంటలు కదలకుండా నిలబడితే ఎంత మంచి జాకెట్టూ ఆదుకోదు. ఒక అట్టముక్కో, నాలుగు మడతల వార్తాపత్రికో కాళ్ల కింద వేసుకుని నిలబడండి, తేడా వెంటనే తెలుస్తుంది. మేజోళ్లు రెండు జతలు ఇరుకుగా తొడిగితే రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి. ఒకటే ఊలు జత, కాస్త వదులు బూటు మేలు. ప్యాంటు కింద థర్మల్ తప్పనిసరి.

సంచి విషయం కూడా ఇక్కడే. చాలా స్టేడియాల్లో ఎ4 కాగితం కంటే పెద్ద సంచి లోపలికి రానివ్వరు. డిపాజిట్ కౌంటర్లో పెట్టాలి, ఆట అయ్యాక అక్కడ పెద్ద క్యూ. గొడుగు, గాజు సీసా, డబ్బా డ్రింకులు ఇంట్లోనే వదిలేయండి. స్నేహితులు ఎవరైనా ‘ఇది కాస్త లోపలికి పట్టుకురా’ అని టార్చిలాంటి గొట్టం ఇస్తే ముట్టుకోవద్దు. అది పొగబాంబో, మంట వెలిగించేదో అయి ఉంటుంది. పట్టుబడితే దేశం మొత్తం మీద స్టేడియాల్లోకి ఏళ్ల తరబడి నిషేధం పడొచ్చు, పైన పోలీసు కేసు. వీసా మీద ఉన్నవాళ్లు ఈ విషయంలో మొహమాటపడకూడదు.

ప్రశ్న: ఆఖెన్‌లో చదువుతున్నాను. అలెమానియా జట్టు వేరే ఊర్లో ఆడే మ్యాచ్‌లకి కూడా వెళ్లాలని ఉంది. పోయినసారి చవగ్గా ట్రైన్ టికెట్ ముందే కొన్నాను, తర్వాత మ్యాచ్ శనివారం నుంచి ఆదివారానికి మారింది. డబ్బు పోయింది. డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెలవారీ పాస్ ఉంటే సరిపోతుందా?
— విద్యార్థి, ఆఖెన్

జవాబు: ఈ నష్టం కొత్తగా వచ్చినవాళ్లందరికీ ఒకసారి తగులుతుంది. మ్యాచ్ మారలేదు, అసలు అప్పటికి తేదీ ఖాయం కాలేదు. సీజన్ మొదట్లో ఇచ్చే పట్టికలో ఏ వారాంతమో మాత్రమే ఉంటుంది. శుక్రవారమా, శనివారమా, ఆదివారమా, ఎన్ని గంటలకా అన్నది తర్వాత కొన్ని వారాల చొప్పున విడతలుగా ప్రకటిస్తారు. అది వచ్చేదాకా ట్రైన్ టికెట్ కొనొద్దు. జూపర్ ష్పార్‌ప్రైస్ అనే అతి చవక టికెట్‌ని రద్దు చేసుకోలేరు, అదే ట్రైన్‌లో ఎక్కాలి.

డాయిచ్‌లాండ్ టికెట్ 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు. చాలా యూనివర్సిటీల్లో సెమిస్టర్ ఫీజులోనే ఇది తక్కువ ధరకి కలిసి ఉంటుంది, ముందు అది చూసుకోండి. విడిగా కొంటే అది చందా. ఆపాలంటే ఆ నెల 10వ తేదీలోపు చెప్పాలి, లేకపోతే మరో నెల డబ్బు కట్ అవుతుంది. ఆర్.ఇ., ఆర్.బి. అనే ప్రాంతీయ రైళ్లు, ఎస్-బాన్ అనే లోకల్ రైళ్లు, ట్రామ్, బస్సు అన్నిట్లో చెల్లుతుంది. ఐ.సి.ఇ., ఐ.సి. అనే దూరప్రాంత రైళ్లలో చెల్లదు. పొరపాటున ఎక్కితే టికెట్ లేనట్టే లెక్క. మీకు ఆఖెన్ నుంచి ఆర్.ఇ.1 ఉంది: కొలోన్, డ్యూసెల్‌డోర్ఫ్, ఎస్సెన్, డార్ట్‌మండ్ మీదుగా పోతుంది. పశ్చిమంలో జరిగే చాలా మ్యాచ్‌లకి ఆ ఒక్క రైలు, దాని నుంచి మారే ఎస్-బాన్‌లు చాలు.

లెక్క ఎప్పుడూ తిరుగు ప్రయాణం నుంచి మొదలుపెట్టండి. ఇంటికి చేర్చే చివరి రైలు ఎన్నింటికి? దాని నుంచి వెనక్కి లెక్కేయండి. సాయంత్రం 7కి మొదలైన మ్యాచ్ 8:50కి ముగుస్తుంది. బయటి జట్టు అభిమానుల్ని చాలాసార్లు పావుగంట, అరగంట బ్లాకులోనే ఆపి, ఊరివాళ్లు వెళ్లాక వదులుతారు. తర్వాత ట్రామ్ కోసం క్యూ. అంటే స్టేషన్ చేరేసరికి 10 అవుతుందనుకోండి. వారాంతాల్లో పట్టాల పని పేరుతో రైలు బదులు బస్సు వేయడం మామూలు. అందుకే బయల్దేరే ముందురోజు రాత్రి యాప్‌లో మళ్లీ చూడండి, వారం కిందట చూసిన టైమ్ నమ్మొద్దు.

స్టేడియం టికెట్ వెనక వైపు చదవండి. మ్యాచ్‌కి కొన్ని గంటల ముందు నుంచి ఆ ఊరి బస్సులు, ట్రామ్‌లలో అదే టికెట్ చెల్లుతుందని చాలాచోట్ల రాసి ఉంటుంది. ఆ ప్రాంతపు హద్దు దాటితే మాత్రం చెల్లదు, పట్టుబడితే 60 యూరోల జరిమానా.

బయటి జట్టు అభిమానుల బ్లాకు టికెట్లు ఎదుటి క్లబ్ సైట్‌లో వెతకొద్దు. మీ క్లబ్ ద్వారానే వస్తాయి, సభ్యులకీ ఫ్యాన్ క్లబ్‌లకీ ముందు ఇస్తారు. ఫ్యాన్ క్లబ్‌లో చేరితే బస్సులో సీటు కూడా దొరుకుతుంది.

ప్రశ్న: డార్ట్‌మండ్‌లో కొత్త ఉద్యోగం. నా ఒకే ఒక్క చలి జాకెట్ ముదురు నీలం, తెల్ల చారలు. వేసుకుని స్టేడియంకి వెళ్తే సహోద్యోగులు వద్దన్నారు. అంత పట్టింపా?
— డార్ట్‌మండ్ పాఠకుడు

జవాబు: అంతే పట్టింపు. నీలం-తెలుపు డార్ట్‌మండ్‌కి బద్ధ ప్రత్యర్థి అయిన షాల్కె క్లబ్ రంగులు. డార్ట్‌మండ్ వీరాభిమానులు ఆ క్లబ్ పేరు కూడా పలకరు, ‘హెర్నె-వెస్ట్’ అంటారు. షాల్కె వాళ్లు తిరిగి డార్ట్‌మండ్‌ని ‘ల్యూడెన్‌షైడ్-నోర్డ్’ అంటారు. మీ జాకెట్ మీద ఎవరూ చేయి చేసుకోరు కానీ స్యూడ్‌ట్రిబ్యూనె, అంటే దక్షిణ స్టాండు మీద దాదాపు 25,000 మంది నిలబడే చోట నల్లటిదో బూడిదరంగుదో వేసుకోండి. మెడలో పసుపు-నలుపు స్కార్ఫ్ ఒక్కటి చాలు. జర్సీ తర్వాత కొనొచ్చు, ఏటా డిజైన్ మారుతుంది. స్కార్ఫ్ పాతబడదు.

ప్రశ్న: పంది మాంసం, గొడ్డు మాంసం తినను. స్టేడియంలో ఏం తినాలి? గ్లాసుకి ఎక్కువ డబ్బు ఎందుకు తీసుకున్నారు?
— ఒక గృహిణి, ఫ్రాంక్‌ఫర్ట్

జవాబు: బ్రాట్‌వుర్స్ట్ చాలావరకు పంది మాంసమే. మీ ఊర్లో పేరున్న రిండ్స్‌వుర్స్ట్ గొడ్డు మాంసం. బ్రెట్జెల్, ఫ్రెంచ్ ఫ్రైస్ దాదాపు అన్నిచోట్లా ఉంటాయి. ఫ్రైస్‌ని మాంసం వేయించిన నూనెలోనే వేయిస్తారా అని అడగండి, అడిగితే చెబుతారు. ఎక్కువ తీసుకున్నది గ్లాసు డిపాజిట్, ఫాండ్ అంటారు. ఖాళీ గ్లాసు తిరిగి ఇస్తే డబ్బు ఇస్తారు. విరగ్గొడితే రాదు.

ప్రశ్న: క్లబ్ సభ్యత్వం అంటే డిస్కౌంట్ కార్డు లాంటిదా? ఏటా డబ్బు కట్టి ఏం లాభం?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హాంబుర్గ్

జవాబు: డిస్కౌంట్ కార్డు కాదు, ఓటు. జర్మన్ ఫుట్‌బాల్‌కి ప్రాణం ఇక్కడే ఉంది. 1998 నుంచి ఉన్న ‘50+1’ నియమం ప్రకారం ప్రొఫెషనల్ జట్టును కంపెనీగా మార్చినా ఓటు హక్కుల్లో సగం కంటే ఒకటి ఎక్కువ మాతృ క్లబ్ చేతిలోనే ఉండాలి. ఆ క్లబ్‌కి యజమానులు దాని సభ్యులే. లేవర్‌కూసెన్, వోల్ఫ్స్‌బుర్గ్ లాంటి మినహాయింపులు ఉన్నాయి, కానీ అవి మినహాయింపులే.

ఈ ఓటు కాగితం మీద మిగిలిపోయేది కాదు. 2023 డిసెంబర్‌లో లీగ్ సంస్థ డి.ఎఫ్.ఎల్. బయటి పెట్టుబడిదారుణ్ణి తెచ్చే ప్రయత్నానికి ఆమోదం తెలిపింది. వారాల తరబడి అభిమానులు మైదానంలోకి టెన్నిస్ బంతులు విసిరి ఆటలు ఆపారు. 2024 ఫిబ్రవరిలో డి.ఎఫ్.ఎల్. ఆ ప్రయత్నం మానుకుంది. బెర్లిన్‌లో యూనియన్ అనే క్లబ్ అభిమానులైతే 2008-09లో తమ స్టేడియాన్ని తామే తిరిగి కట్టారు. రెండు వేల పైచిలుకు మంది, దాదాపు 1,40,000 గంటల శ్రమ. సభ్యత్వాన్ని ఈ కళ్లతో చూడండి.

చేరడం తేలిక. క్లబ్ వెబ్‌సైట్‌లో ఫారం నింపి, బ్యాంకు ఖాతా ఐబాన్ ఇచ్చి, డబ్బు నేరుగా తీసుకోవడానికి ఒప్పుకోవాలి. విద్యార్థి రేటు ఉంటే రుజువు ఏటా పంపాలి, మరిచిపోతే పూర్తి రేటు పడుతుంది. దేశం వదిలి వెళ్తూ సభ్యత్వం రద్దు చేయడం మరిచిపోవడం తరచూ జరిగే తప్పు. నియమావళిలో గడువు తేదీ ఉంటుంది, ఆ లోపు రాతపూర్వకంగా చెప్పకపోతే మరో ఏడాది ఫీజు. సీజన్ టికెట్ వేరు, సభ్యత్వం వేరు. ఒకటుంటే రెండోది దానంతట అదే రాదు, పెద్ద క్లబ్‌లలో సీజన్ టికెట్‌కి ఏళ్ల నిరీక్షణ.

వార్షిక సభకి వెళ్లండి. సభ్యత్వ కార్డు, పాస్‌పోర్టో నివాస అనుమతి కార్డో తీసుకెళ్లాలి. సభ అంతా జర్మన్‌లోనే. ఎజెండా ముందే వస్తుంది కాబట్టి ఇంట్లో కూర్చుని ఒక్కో తీర్మానం చదువుకుని, దేనికి ఓటు వేయాలో తేల్చుకుని వెళ్లండి.

ప్రశ్న: స్టాండులో ఒకతను నా రంగు గురించి నీచంగా అరిచాడు. ఏమీ చేయలేక వచ్చేశాను. ఇంకోసారి జరిగితే?
— పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: అలా జరిగినందుకు బాధగా ఉంది. తప్పు మీది కాదు, ఆ స్టాండు మీది కూడా. అతనితో వాదనకి దిగొద్దు. అప్పుడే ఫోన్‌లో నాలుగు విషయాలు రాసుకోండి: బ్లాకు, వరస, సమయం, అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టుగా. పక్కనున్నవాళ్లలో ఒకరినైనా సాక్షిగా ఉంటారా అని అడిగి నంబరు తీసుకోండి. తర్వాత దగ్గర్లో ఉన్న ఓర్డ్‌నర్‌కి, అంటే రంగు జాకెట్ వేసుకున్న సిబ్బందికి చెప్పండి. ఆ మనిషి ఇంకా అక్కడుండగా చెబితేనే వాళ్లు గుర్తించి బయటికి పంపగలరు, మర్నాటి ఈమెయిల్‌తో అది కుదరదు. ప్రమాదం అనిపిస్తే పోలీసుల నంబరు 110కి ఫోన్ చేయండి. ఫిర్యాదు పోలీసు స్టేషన్‌లో తర్వాత కూడా ఇవ్వొచ్చు.

ప్రతి ప్రొఫెషనల్ క్లబ్‌లో అభిమానుల అధికారి ఉంటారు. చాలా ఊళ్లలో ‘ఫాన్‌ప్రొయెక్ట్’ అనే సామాజిక కార్యకర్తల కేంద్రం కూడా ఉంటుంది. మొదటిది 1981లో బ్రేమెన్‌లో వచ్చింది. ఇవి క్లబ్ చేతిలోనూ పోలీసుల చేతిలోనూ ఉండవు, అందుకే అక్కడ మనసు విప్పి మాట్లాడొచ్చు. మళ్లీ ఒంటరిగా వెళ్లడానికి జంకుగా ఉంటే వాళ్లకే చెప్పండి, తోడు వచ్చేవాళ్లని చూస్తారు.

ప్రశ్న: మ్యూనిక్‌లో ఉన్నాను. బయర్న్ టికెట్ ఎన్నిసార్లు అడిగినా రావడం లేదు. అనధికార సైట్‌లో నాలుగింతల రేటుకి దొరుకుతోంది. కొననా?
— మ్యూనిక్ పాఠకుడు

జవాబు: కొనొద్దు. అలా అమ్మిన టికెట్‌ని క్లబ్ రద్దు చేయగలదు, మీరు గేటు దగ్గర నిలబడిపోతారు. తప్పకుండా బయర్న్ మ్యాచే కావాలంటే క్లబ్ వాళ్లే నడిపే రీసేల్ పేజీ మ్యాచ్‌కి ముందు రోజుల్లో పదేపదే చూడండి.

ఊరి ఫుట్‌బాల్ కావాలంటే మాత్రం గీజింగ్‌లోని గ్రూన్‌వాల్డర్ స్టేడియంకి వెళ్లండి. ‘1860 మ్యూనిక్’ అనే క్లబ్ ఆడేది అక్కడే. పట్టేది 15,000 మంది, చుట్టూ ఇళ్లు. ఇంకా కిందికి దిగితే ఆదివారం మధ్యాహ్నం చాలా పేటల్లో క్రైస్‌లీగా, అంటే జిల్లా స్థాయి లీగ్ మ్యాచ్ ఉంటుంది. ఫుస్‌బాల్ డాట్ డి.ఇ. (fussball.de) సైట్‌లో మీ పిన్‌కోడ్ కొట్టండి, ఆ వారం ఏ మైదానంలో ఎన్నింటికి ఆట ఉందో వస్తుంది. ప్రవేశం కొద్ది యూరోలే, కార్డు తీసుకోకపోవచ్చు కాబట్టి చిల్లర పెట్టుకోండి. మైదానం కంచెకి ఆనుకుని నిలబడితే ఆటగాళ్లు ఒకరినొకరు తిట్టుకునేది కూడా వినిపిస్తుంది, జర్మన్ నేర్చుకోవడానికి అదీ పనికొస్తుంది. రెండు ఆదివారాలు వరసగా కనిపిస్తే మూడోవారం టికెట్ బల్ల దగ్గర కూర్చోమని వాళ్లే అడుగుతారు. ఒప్పుకోండి.