బల్ల చరచని చెయ్యి

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. 2003 ఆగస్టులో వాజ్‌పేయి ప్రభుత్వం మీద సోనియా గాంధీ పెట్టిన అవిశ్వాస తీర్మానం గురించి ఈ వయసులో రాయాలనుకున్నావంటే నాకు ముచ్చటేసింది. రెండు రోజుల చర్చ, 186కి 312 ఓట్లతో తీర్మానం వీగిపోవడం, అన్నీ సరిగ్గానే రాశావు. కానీ చదువుతుంటే క్రికెట్ మ్యాచ్ రిపోర్టులా ఉంది. "విపక్షం విరుచుకుపడింది, ప్రభుత్వం దీటుగా తిప్పికొట్టింది." ఈ వాక్యం ఏ ఏడాది చర్చకైనా అతుకుతుంది. అలాంటిది కనిపిస్తే కొట్టెయ్యి.

సంకీర్ణ ప్రభుత్వం తనను సమర్థించుకునేటప్పుడు మాట్లాడేది ఒక్క నోరు కాదు. రాజ్యాంగం 75వ అధికరణ ప్రకారం మంత్రిమండలి అంతా కలిసి లోక్‌సభకు జవాబుదారీ. బయటి నుంచి మద్దతిచ్చే పార్టీకి ఆ బరువు లేదు. అది తన రాష్ట్రం వైపు, తన ఓటర్ల వైపు చూసుకుంటూ మాట్లాడుతుంది. బల్లలు చరిచేవాళ్లను అందరూ చూస్తారు. చరచకుండా కూర్చున్న మిత్రపక్షం ఎంపీని నువ్వు చూడాలి. నీ వ్యాసంలో మిత్రపక్షాలకు ఒక్క పేరా కూడా లేదు.

ఏడాది వెనక్కి వెళ్లు. గుజరాత్ అల్లర్ల మీద లోక్‌సభ 184వ నిబంధన కింద చర్చ జరగాలని విపక్షం రోజుల తరబడి సభను ఆపేసింది. ఎందుకంత పట్టు? 193 కింద అయితే మాట్లాడి లేచిపోవచ్చు. 184 కింద ఓటింగ్ ఉంటుంది, ఎవరు ఎటో తేలిపోతుంది. 2002 ఏప్రిల్ 30న మొదలైన ఆ చర్చ తెల్లవారుజాము దాకా సాగింది. ముందురోజే మిత్రపక్షం నేత రాంవిలాస్ పాశ్వాన్ మంత్రి పదవికి రాజీనామా చేశారు. మోదీని గుజరాత్ ముఖ్యమంత్రి పదవి నుంచి తప్పించాలని అడిగిన, బయటి నుంచి మద్దతిస్తున్న తెలుగుదేశం ఓటింగ్‌కు దూరంగా ఉండిపోయింది. 182కి 276తో ప్రభుత్వం గట్టెక్కింది. ఏడాదిన్నర తిరక్కుండానే, సోనియా తీర్మానం వచ్చేసరికి, అదే తెలుగుదేశం ప్రభుత్వం పక్కన నిలబడి ఓటేసింది. ఈ మధ్యలో ఏం మారింది? తెలుగులో రాసే మనమే అడగాల్సిన ప్రశ్న ఇది.

వాజ్‌పేయి జవాబు నీకు బాగా నచ్చినట్టుంది. నాకూ ఇష్టమే. అసమర్థులు, బాధ్యత లేనివాళ్లు, అవినీతిపరులు అంటూ కాంగ్రెస్ ఆరోపణపత్రంలో వాడిన మాటలను ఆయన సభలో చదివి, ఇదేం భాష అని నొచ్చుకున్నారు. ఆ వీడియో ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉంది. అయితే గమనించావా, విశేషణం విసిరితే ఎదుటివాళ్లకు ఆ విశేషణం మీదే మాట్లాడే వీలు దొరుకుతుంది. 2001 జులైలో ప్రభుత్వ మ్యూచువల్ ఫండ్ సంస్థ యూటీఐ, తన పొదుపు పథకం యూఎస్-64 యూనిట్లను తిరిగి కొనడం ఆరు నెలలు ఆపేసింది. అందులో డబ్బు దాచుకున్న రిటైర్డ్ మాస్టారి సంగతేమిటి అని అడిగితే, భాష బాగాలేదని తప్పుకోవడం ఎవరికైనా కష్టం. నీ వ్యాసంలో "దారుణ వైఫల్యం" అని మూడుచోట్ల ఉంది. మూడూ తీసెయ్యి. ప్రభుత్వం వైపూ అంతే. నాలుగు మహానగరాలను కలిపే స్వర్ణ చతుర్భుజి రహదారి ఘనత అని రాసేముందు, మన విజయవాడ మీదుగా వెళ్లే ఆ రోడ్డు అప్పటికి ఎంతవరకు పడిందో కనుక్కో.

నా తప్పు కూడా ఒకటి చెబుతాను. 1999 ఏప్రిల్ 17న, వాజ్‌పేయి విశ్వాస తీర్మానం మీద ఓటింగ్ జరిగిన రోజు, నేను పత్రిక డెస్క్‌లో ఉన్నాను. ప్రభుత్వం నిలబడుతుందన్న ధీమాతో శీర్షిక ముందే రాసిపెట్టాను. స్పీకర్ కుర్చీలో మన కోనసీమ మనిషి బాలయోగి. ఒడిశా ముఖ్యమంత్రి అయ్యాక కూడా ఎంపీగా కొనసాగుతున్న గిరిధర్ గమాంగ్ ఓటు వెయ్యొచ్చా లేదా అన్నది ఆయన గమాంగ్ మనస్సాక్షికే వదిలేశారు. కాసేపటికి 269, 270 అన్న అంకెలు పడ్డాయి. ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది! చేతిలో పెన్ను మూత పెట్టడం కూడా మర్చిపోయి టీవీ వైపు చూస్తుండిపోయాను. ఆ కాగితం చించేశాను. ఆ రోజు నుంచి ఓట్ల లెక్క తేలకముందు నేనొక్క వాక్యం రాయలేదు.

లోక్‌సభ వెబ్‌సైట్‌లో చర్చలు దొరుకుతాయి. ముందు 2002 నాటిది చదువు. ప్రసంగాల మధ్యలో బ్రాకెట్లలో అంతరాయం అని పడుతూ ఉంటుంది. ఎవరి మాట దగ్గర అది ఎక్కువగా పడిందో పెన్సిల్‌తో గీతలు పెట్టుకో. టెన్షన్ పడి తొందరపడకు, వారం పట్టినా ఫర్వాలేదు. గీతలు పెట్టిన కాగితాలు తీసుకుని ఆదివారం ఇంటికి రా.